పది గజాల గొలుసు

విశ్వనాథం గారికి డెబ్బై తొమ్మిదేళ్ళు. మోకాళ్ళు సహకరించడం లేదని మేడ మీద గదికి వెళ్ళడం మానేసి రెండేళ్ళయింది. అలాంటి మనిషి శనివారం వచ్చిందంటే చాలు, ఫుట్‌బాల్ మైదానం పక్కన మూడు గంటలు నిలబడి, గొలుసు పట్టుకుని అటూ ఇటూ పరుగులాంటి నడక నడుస్తారు. అప్పుడు ఆ మోకాళ్ళ నొప్పి ఎక్కడికి పోతుందో ఆ మోకాళ్ళకే తెలియాలి.

ఒహాయోలో మొక్కజొన్న చేల మధ్య విట్‌మోర్ అని ఒక చిన్న కాలేజీ. అందులో ఆయన ముప్పై ఆరేళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆయన చేరినప్పుడు లెక్కల డిపార్ట్‌మెంటంటే ఆయనా, ఒక నల్లబల్లా, అంతే. దాన్ని ఐదుగురు ప్రొఫెసర్ల దాకా పెంచింది ఆయనే. రిటైరయ్యాక తరగతి గది వదిలేశారు గానీ గొలుసు మాత్రం వదల్లేదు.

ఆ గొలుసు సంగతి కాస్త చెప్పుకోవాలి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఒక జట్టు నాలుగు ప్రయత్నాల్లో బంతిని పది గజాలు ముందుకు తీసుకెళ్ళాలి. వెళ్తే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు, వెళ్ళకపోతే బంతి అవతలివాళ్ళకి. ఆ పది గజాలు కొలవడానికి రెండు కర్రలు, వాటి మధ్య ఒక గొలుసు. మైదానం మీద ఐదేసి గజాలకొక తెల్లగీత ఉంటుంది. గొలుసు ఏ గీత మీదుగా పోతే సరిగ్గా అక్కడ దానికి ఒక ఇనుప క్లిప్పు తగిలిస్తారు. కొలవాల్సి వచ్చినప్పుడు ఆ క్లిప్పు పట్టుకుని మైదానంలోకి వెళ్ళి, అదే గీత మీద ఆనించి, కర్రలు లాగితే గొలుసు ఎక్కడుండాలో అక్కడే ఉంటుంది. అంటే క్లిప్పు పట్టేవాడి వేళ్ళలోనే ఉంది వ్యవహారమంతా. ఆ వేళ్ళు నలభై ఆరేళ్ళుగా విశ్వనాథం గారివి.

టీవీల్లో కనిపించే పెద్ద యూనివర్సిటీల ఫుట్‌బాల్ కాదిది. ఆట కోసమని ఇక్కడ ఎవరికీ స్కాలర్‌షిప్పులుండవు. టిక్కెట్లు చింపేది లైబ్రేరియను, గొలుసు పట్టేది లెక్కల ప్రొఫెసరు. అలాగని ఆయన ఫుట్‌బాల్ భక్తుడని మీరనుకుంటే పొరపాటు. ప్రతి ఏడూ ఫ్యాకల్టీ మీటింగులో లేచి, ఈ కాలేజీ పుట్టింది చదువు కోసమే గానీ బంతి కోసం కాదని కుండబద్దలు కొట్టినట్టు చెప్పేవారు. శనివారం వచ్చేసరికి టోపీ పెట్టుకుని మైదానంలో హాజరు.

"మీ నోరొక పార్టీ, మీ కాళ్ళొక పార్టీ," అనేవారు ఆయన భార్య త్రివేణి గారు.

ఈ ఏడు ఆ రెండు పార్టీలకీ ఎన్నికలొచ్చి పడ్డాయి. కాలేజీలో చేరే పిల్లలు ఏటికేడూ తగ్గిపోతున్నారు. ఇలాగైతే లాభం లేదని కాలేజీ ప్రెసిడెంటు రెండు దారులు చూపించింది. ఒకటి, లెక్కల డిగ్రీ మూసేసి ఫుట్‌బాల్‌ని ఇంకా పెంచడం. ఆ ఆట కోసమే ఫీజు కట్టి చేరే కుర్రాళ్ళు నూట ముప్పై మంది మరి. రెండోది, ఈ సీజన్‌తో ఫుట్‌బాల్ ఆపేసి ఆ ఖర్చు చదువు వైపు తిప్పడం. తేల్చడానికి ఏడుగురితో కమిటీ వేశారు. ముగ్గురు అటు, ముగ్గురు ఇటు అని ఊరందరికీ తెలుసు. ఏడో మనిషి, రిటైరైన ప్రొఫెసర్ల తరఫున, విశ్వనాథం గారు. ఓటింగు అక్టోబరు మొదటి సోమవారం.

ఆ ముందు శనివారం పొద్దున గరాజ్‌లో ఆయుధపూజ జరిగింది. దసరా గురువారమే అయిపోయింది, కానీ అమెరికాలో పండుగలన్నీ శనివారానికి జరుగుతాయి కదా. కారు, కుట్టుమిషను, ప్రెషర్ కుక్కరు, వాటి పక్కనే రెండు కర్రలూ గొలుసూ. ఎనభైల నుంచీ ఉన్న ఆనవాయితీ ఇది. త్రివేణి గారు అన్నిటికీ కుంకుమ బొట్లు పెట్టి, గొలుసు మధ్యలో తడి పసుపుతాడు ముడివేసి, హారతిచ్చారు. విశ్వనాథం గారు ఆ తాడు వంక ఒకసారి చూసి చూపు తిప్పేసుకున్నారు.

ప్రసాదం వేళకి కృతి వచ్చింది. ఐసెలిన్ అనే ఊరి నుంచి వచ్చి ఇక్కడ లెక్కలు చదువుతున్న అమ్మాయి, మూడో సంవత్సరం. కమిటీలో విద్యార్థుల తరఫున కూర్చునేది కూడా తనే. ఈ పిల్ల వచ్చేది దేవుడి కోసం కాదు, పులిహోర కోసమని తెలిసి త్రివేణి గారు రెండు డబ్బాలు కట్టి ఉంచుతారు.

"అంకుల్, నంబర్ థియరీ క్లాస్ క్యాన్సిల్ చేశారు," అంది పులిహోర నములుతూ. "నేను ఒక్కదాన్నే సైనప్ చేశాను అంట."

"అదేమిటి, ఒక్కదానివేనా?"

"టీమ్‌లో ముగ్గురికి ఇంట్రెస్ట్ ఉంది. నేను అడిగాను కూడా. బట్ క్లాస్ టూ థర్టీకి. వాళ్ళ ప్రాక్టీస్ టూకి స్టార్ట్ అవుతుంది, కోచ్ వదలడు."

"ప్రాక్టీసు నాలుగున్నరకి కదా?"

"అది ఎప్పుడో అంకుల్. ఇప్పుడు టూ టు సిక్స్. మార్నింగ్ జిమ్‌లో వెయిట్స్ వేరే."

ఇంతలో బయట ట్రక్కు ఆగింది. డేల్ దిగాడు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, ఆ ఊరి హైస్కూల్లో లెక్కల టీచరు. ఒకప్పుడు ఈ కాలేజీ టీమ్‌లో ఆడినవాడే. ఇప్పుడు గొలుసు ముందు కర్ర అతనిది. గడ్డానికి కుంకుమ అంటుకుంటున్నా పట్టించుకోకుండా కర్రలు ఎత్తి ట్రక్కులో పెట్టాడు.

దారిలో అన్నాడు, "ప్రొఫెసర్, సోమవారం మీరు ఎటు చెయ్యెత్తుతారో నేను అడగను. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. ఫుట్‌బాల్ లేకపోతే నేను కాలేజీ గడప తొక్కేవాణ్ణి కాదు. మా నాన్న పొలానికే పొమ్మన్నాడు. గడప తొక్కకపోతే మీ క్లాసుకీ వచ్చేవాణ్ణి కాదు."

"తెలుసు డేల్."

తెలియకేం, ఆయన చేతుల మీదుగా డిగ్రీ తీసుకున్న మంచి శిష్యుల్లో సగం మంది మెడలు లేని ఆ కండల కుర్రాళ్ళే. ముందు బెంచీలో ఇద్దరు పట్టేచోట డేల్ ఒక్కడే కూర్చుని, నాలుక బయటపెట్టి, మొట్టమొదటిసారి ఒక నిరూపణ తనంతట తాను పూర్తిచేసిన రోజు విశ్వనాథం గారికి ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది. ఆ రోజు ఇంటికెళ్ళి త్రివేణితో చెప్పుకుని మురిసిపోయారు.

మైదానం చేరాక, ఆట మొదలయ్యే ముందు, ఎవరూ చూడకుండా ఆ పసుపుతాడుని జరిపి జరిపి వెనక కర్ర దగ్గరికి తోసేశారు. ప్రతి దసరాకీ ఈ పని చేస్తారు. ఎందుకు చేస్తారో త్రివేణి గారికి తెలియదు. దాని వెనక ఎనభై ఎనిమిది నాటి కథ ఒకటుంది.

అసలు ఆయన్ని ఈ గొలుసుకి కట్టేసినవాడు వాల్ట్, అప్పటి కోచ్. విశ్వనాథం గారు చేరిన కొత్తలో ఒక ఆటగాడిని చెవి పట్టుకున్నంత పని చేసి ఆఫీసుకి తీసుకొచ్చాడు. "మీ క్లాసు ఎగ్గొట్టినవాడు నా మైదానంలో అడుగు పెట్టడు. వీడి సంగతి చూడండి," అన్నాడు. వాల్ట్ రాజ్యంలో నాలుగున్నర దాకా ప్రాక్టీసు లేదు. ల్యాబులు, క్లాసులు అన్నీ అయ్యాకే బంతి. నవంబరులో చీకటి పడిపోతే కార్ల లైట్లు వేసి ఆడించేవాడు గానీ గంట ముందుకు జరపలేదు. తర్వాతెప్పుడో, "శనివారాలు మీరేం చేస్తుంటారు ప్రొఫెసర్?" అని అడిగాడు. ఏమీ చెయ్యనని నిజం చెప్పడమే విశ్వనాథం గారు చేసిన తప్పు.

మొదటి ఆటలోనే రిఫరీతో తగువు. బంతి ఎక్కడ ఆగిందో కళ్ళతో చూసి సుమారుగా పెట్టి, ఆ పైన దాన్ని గొలుసుతో అంగుళం దాకా కొలవడమేమిటి, ఇదెక్కడి లెక్క అని పట్టుకున్నారు. పక్కన వాల్ట్ కడుపు పట్టుకుని నవ్వాడు. "సుమారుగా బతకడం నేర్చుకోండి ప్రొఫెసర్, శనివారం ఒక్కరోజు," అన్నాడు. ఆ మాటకి ఆ రోజు ఒళ్ళు మండింది. ఇప్పుడు తలచుకుంటే వాల్ట్ మీద బెంగ పుడుతుంది. మనిషి పోయి పదేళ్ళు దాటింది.

ఎనభై ఎనిమిదిలో, ఇలాగే దసరా శనివారం, పక్క ఊరి ఆష్‌బీ కాలేజీతో ఆట. పంతొమ్మిదేళ్ళుగా వాళ్ళ మీద గెలవలేదు. ఆఖరి రెండు నిమిషాలు, నాలుగో ప్రయత్నం. డేల్ అప్పుడు ఇరవై ఏళ్ళవాడు, ఎదుటివాళ్ళని ఇద్దరిని ఒక్కసారే తోసి దారి చేశాడు. ఆ దారిలో బంతి పది గజాలు చేరిందా లేదా అన్నది తేలలేదు. కొలవమన్నారు. విశ్వనాథం గారు గొలుసు పట్టుకుని పరుగెత్తి, గీత మీద ఆనించి, చెయ్యి పైకెత్తారు. బంతి నాలుగు వేళ్ళు దాటింది. మరో రెండు ప్రయత్నాల్లో పాయింట్లు కొట్టి గెలిచేశారు. ఊరు ఊరంతా మైదానంలోకి దూకింది. త్రివేణి గారు అప్పటికి చిన్నపిల్ల అయిన కూతురు మృదులని చంకనేసుకుని, చీర కుచ్చెళ్ళు పట్టుకుని గంతులేశారు.

ఇంటికొచ్చి చేతులు కడుక్కోబోయిన విశ్వనాథం గారు కుళాయి కట్టేసి వేళ్ళు చూసుకున్నారు. బొటనవేలికీ చూపుడువేలికీ పసుపు. ఇనుప క్లిప్పు పట్టుకున్నవాడి వేళ్ళకి పసుపెందుకుంటుంది? గరాజ్‌కి పరుగెత్తి చూశారు. పసుపుతాడు ముడి ఒకచోట, క్లిప్పు దానికి అడుగు వెనక. హడావిడిలో తాడు ముడిని పట్టుకుని గీత మీద పెట్టేశారన్నమాట. ముందు కర్ర అడుగు వెనక్కి పడింది. నాలుగు వేళ్ళు దాటడం కాదు, బంతి ముప్పాతిక అడుగు తక్కువ.

సోమవారం పొద్దున్నే వాల్ట్ దగ్గరికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశారు. వాల్ట్ ఫోన్ తీసి ఆష్‌బీ కోచ్‌కి చేశాడు. "మా ప్రొఫెసరు గారి భార్య గొలుసుని దీవించింది. దీవెన అడుగు పక్కకి పడింది. గెలుపు మీది. వెనక్కిచ్చేస్తున్నాం," అన్నాడు. అవతల ఆ కోచ్ ఎంతసేపు నవ్వాడంటే ఆ నవ్వు ఇవతల విశ్వనాథం గారికి కూడా వినిపించింది. "ఉంచుకోండి వాల్ట్. మీ పిల్లలు సంతోషపడ్డారు, మా పిల్లలు ఏడ్చారు, ఈపాటికి ఇద్దరూ మర్చిపోయి క్లాసుల్లో ఉండుంటారు. వచ్చే ఏడు ఆ దీవెనేదో మాకూ పంపించండి," అన్నాడు. ఫోన్ పెట్టేశాక వాల్ట్ ఒకే మాట అన్నాడు, "ఇంట్లో చెప్పకండి. ఆమె బాధపడితే మనకి పులిహోర ఉండదు." విశ్వనాథం గారు చెప్పలేదు. డేల్‌కి కూడా చెప్పలేదు.

ఇదంతా నెమరేసుకుంటూనే ఈ శనివారం ఆట ముగిసింది. విట్‌మోర్ ఓడిపోయింది. ఓడినందుకు ఇప్పటి కోచ్ ట్రెంట్ మొహం పీక్కుపోయింది. మంచి కుర్రాడే పాపం, ఇద్దరు చిన్నపిల్లల తండ్రి. గెలుపోటములు చూసే కొత్త కుర్రాళ్ళు చేరతారు, కుర్రాళ్ళు చేరితేనే కాలేజీ నడుస్తుంది. అతని నెత్తి మీద బరువు చూస్తే విశ్వనాథం గారికి జాలేసింది.

సోమవారం మీటింగు గదిలో బల్ల మీద గాజుపెట్టె పెట్టారు. అందులో ఎనభై ఎనిమిది నాటి బంతి. ప్రెసిడెంటు దాని మీద చెయ్యి వేసి, ఈ కాలేజీ ఆత్మ ఇదేనని, ఇలాంటి రోజుల కోసమే ఫుట్‌బాల్‌ని నిలబెట్టుకోవాలని చెప్పింది. గోడవారగా ఊరివాళ్ళు కూర్చున్నారు. వాళ్ళలో డేల్, కోచ్ ట్రెంట్ కూడా ఉన్నారు. ఓట్లు మొదలయ్యాయి. అనుకున్నట్టే ముగ్గురు అటు, ముగ్గురు ఇటు. కృతి చదువు వైపు చెయ్యెత్తి, అంకుల్ వంక చూసింది.

విశ్వనాథం గారు లేచి నిలబడ్డారు. ముందు ఒక ప్రశ్న అడిగారు. "వాల్ట్ పద్ధతిలో నడపగలమా? అరవై మంది ఆటగాళ్ళు, నాలుగున్నర తర్వాతే ప్రాక్టీసు?"

"అరవై మంది ఫీజులతో అయితే నడపడం కన్నా ఆపడమే నయం," అంది ప్రెసిడెంటు. ఆమె అబద్ధం చెప్పడం లేదు, లెక్క అలాగే ఉంది.

అప్పుడాయన గాజుపెట్టె వంక చూసి, తాడు సంగతి, పసుపు సంగతి, వాల్ట్ చేసిన ఫోన్ సంగతి మొత్తం చెప్పేశారు. డేల్ వైపు చూడకుండా చెప్పారు.

"కోచ్, వచ్చే శనివారం మనం గెలిచి, ఆ గెలుపులో అలాంటి తప్పు దొర్లిందనుకో. నువ్వు ఫోన్ చెయ్యగలవా?"

ట్రెంట్ తలెత్తాడు. "చెయ్యలేను ప్రొఫెసర్. ఆ గెలుపు చూపించే నేను వచ్చే ఏడాది పిల్లల్ని తెచ్చుకోవాలి. వాళ్ళు రాకపోతే కాలేజీయే ఉండదని మీరందరూ అంటున్నారు. ఇంత బరువు పెట్టి ఫోన్ చెయ్యమంటే ఎవరు చేస్తారు?"

"నీ తప్పు కాదు బాబూ. ఇంత బరువు మోయడానికి పుట్టిన ఆట కాదిది," అన్నారు విశ్వనాథం గారు. "తప్పు చేశామని చెప్పి నవ్వుకోగలిగినంత కాలం ఈ ఆట నాకు ప్రాణం. వాల్ట్ ఆటైతే లెక్కలు పోయినా సరే ఉంచమనేవాణ్ణి. దాన్ని మనం కాలేజీ కప్పు కింద దూలంగా పెట్టేశాం. దూలంతో ఎవరూ ఆడుకోలేరు. ఆపేద్దాం."

చెయ్యెత్తారు. ఎత్తిన చెయ్యి కిందికి దించడం మర్చిపోతే కృతి లేచి వచ్చి దించింది. డేల్ అప్పటికే వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రానికి విషయం కృతి నోటి ద్వారా త్రివేణి గారికి చేరిపోయింది. ఆవిడ వంటింట్లో గిన్నెలతో అవసరానికి మించి చప్పుడు చేశారు. చివరికి వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"ముప్పై ఏడేళ్ళు కడుపులో పెట్టుకున్నారా? నేను కట్టిన తాడుని ప్రతి ఏడూ దొంగచాటుగా జరుపుతున్నారా?"

"నువ్వు బాధపడతావని."

"బాధెందుకండీ. పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారి గెలిచారు, అదీ నా చలవే. ముందే చెప్పుంటే గొప్పగా చెప్పుకుని తిరిగేదాన్ని," అన్నారు. అని, ఆయన మొహం చూసి, చెయ్యి పట్టుకున్నారు. "ఇంక శనివారాలు ఏం చేస్తారు?"

ఆయన చూపు గోడకి వేలాడుతున్న టోపీ మీదికి పోయింది.

తర్వాత శనివారాల్లో డేల్ వచ్చేవాడు, కర్ర పట్టేవాడు, మాట మాత్రం లేదు. విశ్వనాథం గారికి ప్రాణం ఉసూరుమనేది. మైదానం పక్కన జనం కూడా మొహం తిప్పుకునేవారు. కొందరు నిలబెట్టి కడిగేశారు. ఆయన ఆ మాటలన్నీ పడ్డారు. పడాల్సిందేనని ఆయనకి తెలుసు.

నవంబరులో ఆఖరి ఆట, ఆష్‌బీతోనే. పొద్దున గరాజ్‌లోకి వచ్చేసరికి త్రివేణి గారు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నారు, చేతిలో పసుపుతాడు.

"దసరా ఎప్పుడో అయిపోయింది కదా."

"అయితే ఏం? క్లిప్పు ఏదో చూపించండి."

చూపించారు. ఆవిడ తాడుని ఆ క్లిప్పుకే చుట్టి, క్లిప్పు మీదే ముడివేశారు. "ఇప్పుడు దేన్ని పట్టుకున్నా రెండూ చేతికొస్తాయి," అన్నారు.

డేల్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. లోపలికొచ్చి కర్ర అందుకుని, దాని వంకే చూస్తూ మాట్లాడాడు. "చాలా కోపమొచ్చింది ప్రొఫెసర్. ఇంకా పూర్తిగా పోలేదు. కానీ ఆ రోజు నేను ఎంత తోశానో నాకు తెలుసు. బంతి అడుగు తక్కువైతేనేం, తోయడం తోశాను." ఆ తర్వాత, "నంబర్ థియరీకి మా స్కూలు పిల్లలిద్దరు కూర్చోవచ్చా అని కృతిని అడిగాను. వచ్చే సెమిస్టర్ పెడుతున్నారట," అన్నాడు.

విశ్వనాథం గారు తలూపారు.

ఆ రోజు మైదానం కిక్కిరిసిపోయింది. ఎప్పుడో చదివి వెళ్ళిపోయిన ముసలి ఆటగాళ్ళందరూ వచ్చారు. ఆఖరి మూడు నిమిషాలు, విట్‌మోర్ నాలుగు పాయింట్లు వెనక, నాలుగో ప్రయత్నం. కుప్పలా పడ్డ కుర్రాళ్ళ అడుగున బంతి. రిఫరీ కళ్ళతో చూసి సుమారుగా పెట్టాడు. కొలవమన్నాడు.

విశ్వనాథం గారు క్లిప్పు పట్టుకుని బయలుదేరారు. మోకాళ్ళు నిజంగానే నొప్పెట్టాయి, అయినా ఆగలేదు. వంగి, గీత మీద ఆనించి, ఒకటికి రెండుసార్లు చూసుకుని, చెయ్యి పైకెత్తారు. అవతల డేల్ గొలుసుని బిగించి కర్ర నిలబెట్టాడు.

నాలుగు వేళ్ళు తక్కువ.

బెంచీల మీద నుంచి పెద్ద నిట్టూర్పు లేచింది. రిఫరీ ఆష్‌బీ వైపు చెయ్యి చూపించాడు. డేల్ కర్ర పట్టుకుని అలాగే ఆయన వంక చూశాడు, ఆయన డేల్ వంక చూశారు. తర్వాత విశ్వనాథం గారు తన వేళ్ళు చూసుకున్నారు. బొటనవేలికి పసుపు అంటుకుంది. ఈసారి ఆ వేళ్ళ మధ్య క్లిప్పు కూడా ఉంది.